చల్లటి టైర్ల మీద

ప్రియమైన అన్నయ్యకు,

ఫోనెత్తడం మానేశావు కనక ఉత్తరం రాస్తున్నాను. టైర్లకు కరెంటు దుప్పట్లు చుట్టి వేడెక్కించడం ఇక కుదరదు, చల్లటి టైర్లతోనే రేసు మొదలుపెట్టాలి అని రూలు వచ్చిన దగ్గర్నుంచి మా అభిమానుల సంఘంలో ఒకటే సంబరం. ఇన్నాళ్లూ కార్లు రైళ్లలా సాఫీగా పోయేవి, ఇప్పుడు మొనగాడెవడో మొదటి మలుపులోనే తేలిపోతుంది అంటున్నారు. డ్రైవర్లంతా నోరు మూసుకుంటే నువ్వొక్కడివే పేపరుకెక్కి, ప్రమాదం అన్నావు. నీకు ‘దుప్పటి’ అని పేరు పెట్టారు. నిన్న సంఘం గదిలో నీ ఫోటోకు పసిపిల్లల దుప్పటి కప్పి, పక్కన నిలబడి ఫోటోలు దిగారు. కార్యదర్శిని కదా, నేనూ నవ్వాల్సి వచ్చింది.

మా అబ్బాయి చిన్న కార్ల పోటీల్లో ఇప్పుడిప్పుడే పైకొస్తున్నాడు. పిరికివాడి మేనల్లుడని తోటివాళ్లు ఏడిపిస్తున్నారట. మామయ్య నా నోట్లో మట్టి కొట్టాడని రెండు పూటలు అన్నం ముట్టలేదు. ఏదో పొరపాటున అన్నానని ఒక్క ముక్క చెప్పరాదూ? నీ సొమ్మేం పోయింది?

నీ ముద్దుల చెల్లి,
చిన్ని

*

ప్రియమైన చిన్నికి,

వేడెక్కని టైరు సబ్బునీళ్లు పోసిన గచ్చు మీద నడకలాంటిదమ్మా. రెండు చుట్లు తిరిగేదాకా అది రోడ్డును పట్టుకోదు. ట్రయల్స్‌లో ఒక కుర్రాడు నా కళ్లముందే గోడకు కొట్టుకున్నాడు. ఇప్పుడు వాళ్లమ్మ ముద్దలు కలిపి నోట్లో పెడుతోంది. అది చూసే అన్నాను, భయపడి కాదు. కాదులే, భయపడే అన్నాను.

మా గేటుకు రోజూ ఎవరో ఒక దుప్పటి వేలాడదీసి పోతున్నారు. మీ వదిన తీసి మడతపెడుతోంది. పాప బడికి వెళ్లనని మొండికేసింది. జట్టు యజమాని పిలిపించి, జనం నవ్వుకునే డ్రైవరును పెట్టుకుని తానేం చేసుకోవాలని అడిగాడు. వాళ్లందరికీ ఏదో ఒకటి చెప్పగలిగాను. నా తోడబుట్టినదానివి నువ్వూ అడిగాక ఇంక ఎవరికేం చెప్పను? రేపు విలేకరుల ముందు మాట వెనక్కి తీసుకుంటున్నాను. టైర్లు బాగానే ఉన్నాయి, నాకే వయసు మీద పడింది అని చెబుతాను. మీవాణ్ణి అన్నం తినమను.

ఆశీస్సులతో,
అన్నయ్య

*

ప్రియమైన అన్నయ్యకు,

ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చారని వదిన చెప్పింది. నేను రాలేదని మనసులో పెట్టుకోకు. కాళ్లు పోయిన నిన్ను చూసే ధైర్యం లేదు.

రేసు రోజు మొదటి మలుపులో నీ కారు గిర్రున తిరుగుతుంటే, నువ్వు కావాలనే తిప్పుతున్నావనుకుని మా సంఘంవాళ్లు ఈలలు వేశారు. గోడకు తగిలాకే ఆపారు. అయినా ఒక్కరూ ఇంటికి పోలేదు, మళ్లీ మొదలెడతారని కూర్చున్నారు. ఆటలో ఇంత మజా ఎప్పుడూ లేదట, టికెట్లు దొరకడం లేదు. నీ కారు తిరిగే వీడియోకి ఎవరో పాట కూడా తగిలించారు.

అసలు సంగతి ఇది. నీ సీటు మావాడికిచ్చారు. నన్నడక్కుండా సంతకం పెట్టేశాడు. దుప్పట్లు మళ్లీ తేవాలా వద్దా అని రూల్స్ కమిటీ నీ అభిప్రాయమే అడగబోతోందని విన్నాను. తేవాలని నువ్వు చెబితే కాదనే మొహం ఎవరికుంది? సంఘంలో ఈ మాట ఎత్తాను. అన్నకు తగ్గ చెల్లెలని నవ్వారు. మర్నాడు నా కుర్చీలో దుప్పటి మడతపెట్టి ఉంది.

వాడికి ఇంకా ఇరవై నిండలేదు అన్నయ్యా.

నీ
చిన్ని

*

ప్రియమైన చిన్నికి,

కమిటీవాళ్లు పోయిన వారమే వచ్చి వెళ్లారు. మర్యాదస్తులు. పెద్దాయన నా మంచం పక్కనే కూర్చుని, “మీరు మొదట అన్నది నిజమా, తర్వాత అన్నది నిజమా?” అని అడిగాడు.

తర్వాత అన్నదే నిజమని చెప్పాను. టైరు తప్పేం లేదు, నా చెయ్యే తప్పింది అన్నాను. రాసుకున్నారు. రూలు మారదు.

మీవాడికి సీటిచ్చిన సంగతి అప్పటికే నాకు తెలుసు. యజమాని ముందు నాకే ఫోన్ చేశాడు. కమిటీకి అలా చెప్పిన రోజు నుంచి మీ వదిన నాతో మాట్లాడటం లేదు. కంచం పక్కన పెట్టి వెళ్లిపోతుంది. ఆవిడ కోపంలో న్యాయముంది. మంచాన పడ్డ దగ్గర్నుంచి, నాకు తగిలిన దెబ్బ ఇంకెవరికైనా తగిలితే బాగుండునని ఉండేది. ఎవరికి తగులుతుందో చూసుకోకుండా కమిటీకి అలా చెప్పానని నీతో అనొచ్చు. చూసుకున్నాను.

వాణ్ణి మానెయ్యమని చెప్పు. పిరికివాడంటారు, అంతేగా. అమ్మవి, నీ మాట వింటాడేమో చూడు. నేను విన్నాను.

అన్నయ్య