వెనక తలుపు తీసి ఉన్న గేమ్ పెట్టె

రంజాన్‌బీ చాచీకి,

ఆ వీడియో తీసేశాను. మీరు ఇంటిల్లిపాదీ కూర్చుని చూశారని తెలిసినప్పటి నుంచి తలెత్తుకోలేకపోతున్నాను. ఫోన్లో మీ గొంతు వినే ధైర్యం లేక రాస్తున్నాను. ఆదివారం తిరుపతి నుంచి చిత్తూరు వస్తే మీ గుమ్మంలోకి రానిస్తారా?

ఆ వీడియోలో నేను చేసింది పాత రాకెట్ల ఆట రకాలను పోల్చి చూపడం. అంగళ్లలో బిళ్ల వేసి ఆడే అసలు మిషన్లో శత్రువులు నాలుగు వరసల్లో వస్తారు. ఇంటి టీవీకి తగిలించుకునే రకాలు కొన్ని తెప్పించి ఆడాను. ఒకదాంట్లో రెండే వరసలున్నాయి, అచ్చం చిన్నప్పుడు మేం పోయిన కాశిం చాచా అంగట్లో ఆడిన ఆటలో లాగే. చెక్కపెట్టెలో టీవీ గేమ్ దాచిపెట్టి, అదే అసలు మిషనని మమ్మల్ని మోసం చేశాడని పేరు పెట్టి మరీ చెప్పి నవ్వాను.

మీ అజ్మల్ ఫోన్ చేశాడు కానీ తిట్టలేదు. "నాయన దాసిందేముండాదప్పా? వేడెక్కుతాదని పెట్టె వెనక తలుపు ఎప్పుడూ తీసే పెట్టినాడు. వంతు కోసం నిలబడినోళ్లంతా ఆడ నుంచి సూసినోళ్లే" అన్నాడు.

నేను చూడలేదు చాచీ. నా వంతు అయిపోయినా పెట్టె ముందు నుంచి కదిలేవాణ్ణి కాదు. చాచా నన్ను ఒక్కసారి కూడా జరగమనలేదు.