ఒకటి నొక్కమనేది నేను కాదు

గుంటూరు

అన్నయ్యకు రమణ నమస్కరించి రాస్తున్నది.

ఇక్కడ నేను బాగానే ఉన్నాను. అక్కడ మీరంతా ఎలా ఉన్నారు? అమ్మ మోకాళ్ల నొప్పులు తగ్గాయా? ఫోన్లో చెబితే సగంలోనే "సర్లే, సర్దుకుపో" అంటావని కాగితం మీద పెడుతున్నాను. చివరిదాకా చదువు.

ఎండ మండిపోతోంది. మిర్చి ఘాటుకు దగ్గు వదలడం లేదు. హాస్టల్ సాంబారు సంగతి అడక్కు. అయినా బాగానే ఉన్నాను.

మా కోల్డ్ స్టోరేజీలో ఫోన్ల పని నాదేగా. రైతులు మిస్డ్ కాల్ ఇస్తారు, నేను నంబరు చూసి తిరిగి చేసి ఆ రోజు మిర్చి ధర చెబుతాను. మూడేళ్లుగా ఇదే పద్ధతి. పోయిన నెల మేనేజరు పాత ఫోన్లు పీకించి కొత్తవి పెట్టించి, కాల్స్ అన్నీ ఆఫీసు కంప్యూటర్ల నెట్‌వర్క్‌లోకి మార్పించాడు. ఇక ముందు మిషనే ఎత్తి "ధరలకు ఒకటి నొక్కండి" అంటుంది. అందులో రికార్డు చేయడానికి నా గొంతు అడిగాడు. "ఇవ్వవే, ఉద్యోగం గట్టిపడుతుంది" అన్నది నువ్వే. ఆ మాట మర్చిపోకు.

ఇప్పుడు రైతులు మిస్డ్ కాల్ ఇద్దామంటే ఒక్క రింగుకే నా గొంతు ఎత్తేస్తోంది. వాళ్లు కంగారుపడి కట్ చేస్తున్నారు. మొన్న నన్ను కూతురిలా చూసే వెంకయ్య బాబాయి కౌంటర్ దగ్గరికొచ్చి అందరిముందూ అరిచాడు.

"ఏమ్మాయ్, రింగు పడీపడకముందే ఎత్తి నా బ్యాలెన్సు మింగేస్తన్నావే! పైగా నన్ను నొక్కమంటావా? పొగరెక్కిందా?"

నాకు ఏడుపొచ్చింది. మేనేజరుకేమో ఆ కట్ అయిన కాల్సే సంబరం. కంప్యూటర్లో లిస్టు చూపించాడు.

"చూడమ్మా, అందరూ రెండు సెకన్లలో పెట్టేస్తున్నారు. వాళ్ల పని అయిపోతోంది. ఇంక నీతో అవసరమేముంది?"

మిస్డ్ కాల్ అంటే ఏంటో తెలియనివాడు మిర్చి రైతులతో వ్యాపారం చేస్తాడట! ఆ కొత్త ఫోను వాడి మొహాన కొట్టాలనిపించింది. "నన్ను తీసేస్తే నా గొంతు కూడా తీసేయండి" అన్నాను. నన్ను మాత్రమే తీశాడు.

ఈ నెలాఖరుతో సరి. ఇంటికి రమ్మని మాత్రం అడక్కు, ఇక్కడే ఇంకో పని చూసుకుంటాను. ఎవరైనా వస్తుంటే చింతకాయ పచ్చడి పంపు.

పిన్నికీ మామయ్యకూ నమస్కారాలు. అమ్మ దీవెనలు నాకు కావాలి. మొన్న నా సెల్లు కలవక ఆఫీసుకు చేసి "తిన్నావా తల్లీ" అని అడిగిందట. ఒకటి నొక్కమన్నానట. పాపం, నొక్కిందట కూడా. మిర్చి ధరలు వినిపించానట.

ఇక అక్కడికి చెయ్యొద్దని చెప్పు. నేను తినే ఉన్నానని చెప్పు.

నీ చెల్లెలు
రమణ