మోకాళ్లకు చోటున్న బండి

మామయ్యకు నమస్కారం.

ఇక్కడ అందరం క్షేమం, నేను తప్ప.

ఫోన్ చేద్దామనుకున్నాను. నలభై ఏళ్లు బండ్ల షెడ్డులో బతికిన నీ చెవికి ఇంజన్ చప్పుడు తప్ప మనిషి మాట ఎక్కదని అమ్మ అంది. అందుకే ఈ ఉత్తరం. పాల వ్యాను మీ షెడ్డు ముందు నుంచే వెళ్తుంది కాబట్టి ఆ డ్రైవరు చేతికిస్తున్నాను.

మూడేళ్లు పరీక్షలు రాసి రాసి చివరికి పశువుల ఆసుపత్రిలో సహాయకురాలి ఉద్యోగం తెచ్చుకున్నానా, అందులో ఒక మెలిక ఉంది. నాకిచ్చినవి కొండ మీది పదకొండు పల్లెలు. రోడ్డు లేదు. రాళ్లూ బురదా ఉన్న బాటలో, మందుల పెట్టె వెనక కట్టుకుని, మట్టిదారిలో నడిచే మోటారు సైకిలు మీద తిరగాలి. రెండు నెలల్లో లైసెన్సు చూపించకపోతే ఉద్యోగం జాబితాలో నా తర్వాతి మనిషికి పోతుంది. ఆ ముక్క ఆర్డరు కాగితం మీదే ఉంది.

కొత్తగా నేర్చుకునేవాళ్లు చిన్న ఇంజన్ బండే నడపాలని మా శాఖ రూలు. చిన్న ఇంజన్ బండ్లేమో చిన్న మనుషుల కోసమే చేస్తారు. నేనేమో ఆరడుగుల రెండంగుళాలు. నిన్న నేర్పే మాస్టారి బండి ఎక్కి ఎడమకు తిప్పాను. హ్యాండిలు నా మోకాలికి తగిలి ఆగిపోయింది. బండి ఆగలేదు. ఇద్దరం కలిసి గడ్డివాములోకి వెళ్లాం. మా డాక్టరు గారు చూసి, "బండి నీకు సరిపోలేదమ్మా" అనొచ్చుగా? "నువ్వు బండికి సరిపోలేదు" అన్నారు. రాత్రి అన్నం సహించలేదు.

చిన్న ఇంజనూ, నా కాళ్లూ రెండూ కుదిరే బండి నువ్వే చూడాలి. కాలి లోపలి కొలత నాన్న తీశారు. ముప్ఫై ఆరంగుళాలు.

నీ నిచ్చెన

తా.క. దర్జీ ఇంట పుట్టిన పాపం ఊరికే పోదు. కొలత తీస్తూ నాన్న, "బండి వదులుగా కావాలా, బిగుతుగానా?" అని అడిగారు.

*

నిచ్చెన తల్లికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివి ఇంజన్ ఆపి మరీ నవ్వుకున్నాను. ఇంత చిన్న విషయానికి అన్నం మానేస్తారా?

బండి దొరికింది. ఇంజన్ చిన్నదే, గుండె మాత్రం గట్టిది. దాన్ని స్టాండు మీద పెట్టి గంటసేపు నడిపి చూశాను. ఒక్క దగ్గు దగ్గితే ఒట్టు.

ఇక కొలత సంగతి. మీ నాన్న టేపు నాకు కొత్తా? పెరిగే పిల్లవని నీ స్కూలు బట్టలన్నిటికీ నాలుగంగుళాలు ఎక్కువ వేసినవాడు. అంతెందుకు, నా పెళ్లి ప్యాంటు అంచులో నాలుగంగుళాల గుడ్డ లోపలికి మడిచి కుట్టాడు. ఇరవై ఏడేళ్లయింది. నేను పెరిగానా? ఆ మడత అలాగే ఉంది. అందుకని ఆయన ముప్ఫై ఆరులోంచి నాలుగు తీసేసి, నీ కాలు ముప్ఫై రెండని ఖాయం చేసుకున్నాను. నేర్చుకునేవాళ్లకి రెండు పాదాలూ నేల మీద చదునుగా ఆనాలి. సీటు స్పాంజి సగానికి కోసి, వెనక స్ప్రింగు కూడా దించాను. ఇక నువ్వు కుర్చీలో కూర్చున్నట్టు కూర్చోవచ్చు.

రేపు వ్యానులో వస్తుంది. దైవం మీద భారం వేసి ఎక్కు.

మీ మామయ్య

తా.క. కోసిన స్పాంజి పారేయలేదు. మధ్యాహ్నం కునుక్కి తల కింద పెట్టుకుంటున్నాను. నీ పుణ్యమా అని మెడనొప్పి పోయింది.

*

మామయ్యకు,

నీ మెడనొప్పి పోయినందుకు సంతోషం. నా పరువు కూడా దాంతోపాటే పోయింది.

బండి మీద కూర్చుంటే మోకాళ్లు చెవుల దాకా వస్తున్నాయి. ఊళ్లో నాకు అప్పుడే మిడత అని పేరు పడింది. అయినా గడువు తరుముతోంది కదా అని దాని మీదే పరీక్షకు వెళ్లాను. ఎనిమిది అంకె వేయమన్నారు. సున్నాలో సగం వేశాను. మిగతా సగం వేయాల్సిన చోట బల్ల వేసుకుని పరీక్షాధికారి కూర్చున్నారు. ఆయన లేచి, బల్ల లేపి, కాగితం వెతుక్కుని ఇలా రాశారు: "అభ్యర్థి మోకాళ్లు అడ్డం వచ్చినందున అద్దాలు కనబడలేదు. అభ్యర్థి కూడా సరిగా కనబడలేదు."

ఇక ఒక్క అవకాశమే ఉంది. అదీ పోతే ఇంట్లో కూర్చుని కాజాలు కుట్టుకోవడమే. మూడేళ్లు చదివింది ఇందుకా అని ఏడుపొస్తోంది, నిజంగా.

మామయ్యా, నాన్న బట్టకి వదులు వేస్తారు గానీ కాలికి వేయరు! నీ ఉత్తరం చదివి చిన్నబుచ్చుకున్నారు. నీ తీసివేత ఎలాగూ ఆగదు కాబట్టి ఈసారి నేనే నాలుగు కలిపి చెప్తున్నాను. నా కాలు నలభై. నీకు తోచింది తీసేసుకో.

నీ నిచ్చెన

తా.క. స్పాంజి వెనక్కి పంపు.

ఇంకో తా.క. ఇది నా చేతిరాత, అంటే దర్జీ బావది. పిల్ల లెక్క తప్పు. కాలు నలభై నాలుగు. నీ కత్తిరింపులు నాకు తెలియవా? వ్యాను దగ్గర కవరు విప్పి రాస్తున్నాను, దానికి చెప్పకు.

*

నిచ్చెన తల్లికి,

తప్పయిపోయింది. నీ ఏడుపు మాట చదివాక రెండు రోజులు స్పానరు పట్టలేకపోయాను. పెద్దవాడైన బావ మాట మీద అనుమానపడ్డందుకు చెంపలేసుకున్నాను. ఈసారి ఒక్క అంగుళం కూడా తీయలేదు. కాలు నలభై నాలుగంటే నలభై నాలుగే. మనిషికి అంత కాలుంటుందా అని ఒక్క క్షణం అనిపించిన మాట నిజం. కానీ నువ్వు చిన్నప్పుడే అటక మీది డబ్బాలు అందుకునేదానివి. ఉంటుందిలే అనుకున్నాను.

ఇంజన్ ముట్టుకోలేదు, రూలు రూలే. ముందు చక్రాన్ని పట్టే ఫోర్కులు పొడుగువి వేశాను. వెనక స్ప్రింగు రెండింతలది. సీటుకి స్పాంజి మీద స్పాంజి, నా తలకిందిది కూడా తీసి పెట్టాను. సీటు నేల నుంచి నలభై రెండంగుళాల ఎత్తుకొచ్చింది. స్టూలు వేసుకుని ఎక్కి, స్టాండు మీదే నడిపి చూశాను. పక్క ఇనుప కొట్టు పైకప్పు మీద ఎవరి చెప్పులో ఉన్నాయి. సీటు మీద నుంచి అవి కూడా కనిపించాయి.

ఈసారి తిరుగులేదు. ధైర్యంగా ఉండు.

మీ మామయ్య

తా.క. మెడనొప్పి మళ్లీ మొదలైంది. నీకోసం అనుకుంటే నొప్పి అనిపించట్లేదు. కొద్దిగా అనిపిస్తోంది.

*

మామయ్యకు,

కొండ నాలుకకి మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందట. మన కథ అదే.

ఆసుపత్రి అరుగు మీద నుంచి బండి ఎక్కాను. మధ్యలో ఆపితే కాలు నేలకి అందదు, కాబట్టి ఆపలేదు. ఆవరణ చుట్టూ పదిహేడు చుట్లు తిరిగాను. డాక్టరు గారు లెక్కపెట్టారట. పశువుల్ని లారీలోకి ఎక్కించే ర్యాంపు పక్కగా పోనిచ్చి, దాన్ని పట్టుకుని వేలాడితే దిగగలిగాను. బండి తనంతట తాను ఇంకో అరచుట్టు తిరిగి పడింది. ముందు బ్రేకు లివరు విరిగింది.

నీ ఉత్తరంలోని నలభై నాలుగు నాన్న నిర్వాకమని ఇంటికెళ్లి అడిగాక తెలిసింది. నేను నాలుగు కలపడం, ఆయన నాలుగు కలపడం, నువ్వు ఒక్కటీ తీయకపోవడం. ముగ్గురం నా మీద ప్రేమతోనే చేశాం. ప్రేమ ఎక్కువై నాశనమైనదాన్ని నేనొక్కదాన్నే కాబోలు.

పరీక్షకి ఇంకా తొమ్మిది రోజులున్నాయి. జాబితాలో నా తర్వాతి మనిషి నిన్న ఆసుపత్రికి వచ్చింది. ఐదడుగుల మనిషి. మాస్టారి బండి మీద రయ్యిమని వచ్చి దిగింది. మంచిదే పాపం, నన్ను చూసి నమస్కారం కూడా పెట్టింది. వెళ్తూ వెళ్తూ నా కుర్చీ ఎత్తు చూసుకుంది.

ఇక నాకు ఓపిక లేదు మామయ్యా. ఈ ఎత్తుతో బస్సులో వంగాను, గుమ్మాల్లో వంగాను, ఫొటోల్లో వెనక నిలబడ్డాను. ఉద్యోగంలో కూడా వంగాలంటే ఇక నా వల్ల కాదు.

ఒక్కటే ఆశ. మన వంశంలో నా అంత పొడుగు నువ్వొక్కడివే అంటుంది అమ్మ. నలభై ఏళ్లుగా బండ్ల మధ్యే ఉన్నావు. నువ్వు స్వయంగా నడిపే బండి ఏదో అది పంపు. కొలతలు వద్దు. టేపు దాచేశాను.

నీ నిచ్చెన

తా.క. నాన్న టేపు కోసం ఇల్లంతా వెతుకుతున్నారు. జేన పెట్టి కొలుస్తున్నారు.

*

తల్లీ,

నేను నడిపే బండి లేదు.

ఇది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. మీ అత్తయ్యకి కూడా తెలియదు, నాకు షెడ్డు నుంచి ఇంటికి నడవడం ఇష్టమనుకుంటుంది. పద్దెనిమిదో ఏట నేనూ చిన్న బండి మీదే నేర్చుకోబోయాను. నీలాగే ఎడమకు తిప్పాను, నీలాగే మోకాలు తగిలింది. వీధి వీధంతా నవ్వింది. మళ్లీ ఎక్కలేదు. బాగుచేసిన ప్రతి బండినీ స్టాండు మీదే నడిపి చూస్తాను. రోడ్డు మీద చూసుకునేది దాని యజమానే. వంగి చేసే పని ఎంచుకున్నది కూడా అందుకే. వంగి ఉన్నవాణ్ని ఎత్తెంతని ఎవరూ అడగరు.

మొదటి ఉత్తరంలో నాలుగంగుళాలు తీసేసింది మీ నాన్న మీద అనుమానంతో కాదు. నా కాలు కొలతా ముప్ఫై ఆరే. నీదీ అంతే అయితే నీకు బండి లేనట్టే అని భయమేసింది. కొలత తగ్గిస్తే కష్టం తగ్గుతుందనుకున్నాను.

షెడ్డు వెనక టార్పాలిన్ కింద ఒక బండి ఉంది. ఇరవై ఏళ్ల క్రితం నాకోసం మొదలుపెట్టాను. చిన్న ఇంజనే. సీటు పెద్ద ఎత్తేమీ కాదు. కాళ్లు పెట్టే కడ్డీలు రెండంగుళాలు కిందికీ కాస్త వెనక్కీ జరిపాను, హ్యాండిలు పైకి లేపి ముందుకు తోశాను, సీటు వెనక్కి పొడిగించాను. మనకి కావలసింది ఎత్తు కాదు తల్లీ, మోకాళ్లకి చోటు. అది తెలిసి కూడా నీకు సీటు ఎత్తి పంపాను. ఆ మాట ఒప్పుకుంటే ఈ బండి సంగతి చెప్పాల్సి వచ్చేది.

నిన్న దుమ్ము దులిపాను. మూడో కిక్కుకి లేచింది. వ్యానులో పంపుతున్నాను. అది ఇప్పటిదాకా నేల మీద ఒక్క గజం కూడా నడవలేదు, జాగ్రత్త.

మీ మామయ్య

తా.క. టార్పాలిన్ కింద పిల్లి ఈనింది. పిల్లల్ని బుట్టలోకి మార్చాను. సీటు మీద వెంట్రుకలుంటే ఏమనుకోకు.

*

మామయ్యకు నమస్కారం.

పాసయ్యాను.

ఎనిమిది వేశాను. అడిగినవాళ్లూ అడగనివాళ్లూ చూస్తుండగా రెండుసార్లు వేశాను. ఎడమకు తిప్పినప్పుడు కళ్లు మూసుకున్నాను, అది పరీక్షాధికారి చూడలేదు. కాగితం మీద ఇలా రాశారు: "అభ్యర్థి మోకాళ్లు వాటి చోట ఉన్నవి." నిన్న ఐదు పల్లెలు తిరిగి పధ్నాలుగు గేదెలకి సూదులు వేశాను. ఐదడుగుల అమ్మాయికి వేరే కొండ ఇచ్చారు, ఆ దిగులు కూడా తీరింది.

నీ ఉత్తరం మూడుసార్లు చదివి మూడుసార్లూ ఏడ్చాను. ఆదివారం నీ బండి మీద నీ దగ్గరికే వస్తున్నాను. షెడ్డు వెనక ఖాళీ స్థలం ఊడ్పించి ఉంచు. నేర్పేది నేను, నేర్చుకునేది నువ్వు. ఎవరైనా నవ్వితే సూదిమందు పెట్టె నా దగ్గరే ఉంటుంది.

నీ నిచ్చెన

తా.క. అత్తయ్యకి చెప్పకుండా ఉందామనుకున్నాను గానీ, అమ్మ అప్పటికే ఫోన్ చేసేసింది. "ఆయన స్టాండు మీదే నడుపుతాడని పెళ్లయిన వారానికే తెలుసు" అందట అత్తయ్య.

ఇంకో తా.క. బావమరిదీ, ఇది నేను, నీ దర్జీ బావని. పిల్లకి తెలిసే రాస్తున్నాను. నీ పెళ్లి ప్యాంటులో నాలుగంగుళాలు నువ్వు పెరుగుతావని వదల్లేదు. ఆ రోజు కొలత తీస్తుంటే నువ్వు మోకాళ్లు వంచి నిలబడ్డావు. టేపు పట్టినవాడికి తెలియదా? పెళ్లికొడుకువి, నలుగురిలో ఎందుకు అడగాలని ఊరుకున్నాను. ఎప్పటికైనా తిన్నగా నిలబడతావు కదా అని ఆ గుడ్డ ఉంచాను. ఆదివారం పిల్ల వెనక సీటు మీద నేనూ వస్తున్నాను. ప్యాంటు తీసి ఉంచు, మడత విప్పాలి.