రెండు కెమెరాల మధ్య అక్క

జూన్ 4

ఆఫీసు నుంచి రెండు కెమెరాలు తెచ్చుకున్నాను. రెండూ కొత్తగా ఫొటోలు మొదలుపెట్టేవాళ్లు కొనే డీఎస్‌ఎల్‌ఆర్‌లే. రెండూ నల్లవే, రెండింటికీ పెట్టెలోనే వచ్చే అదే 18-55 కిట్ లెన్స్. దూరం నుంచి చూస్తే కవలలు. ఏ పనికి ఏది మేలో తేల్చి రాయాలి. మా వెబ్‌సైట్‌లో కెమెరాల గురించి రాసేది నేనొక్కణ్ణే కాబట్టి తప్పించుకునే దారి లేదు. తొందరగా ఇవ్వమని ఎడిటర్ రెండుసార్లు చెప్పాడు. ఆయనకి మేం వెనకాల పెట్టుకున్న పేరు గడియారం.

మోడల్ నంబర్లు నా బుర్రలో నిలవవు. బరువుగా ఉన్నదానికి పెద్దోడు, తేలిగ్గా ఉన్నదానికి చిన్నోడు అని పేర్లు పెట్టాను. బావ చూసి, రెండు కళ్లకీ చెరొకటి కొన్నావా అని అడిగాడు.

జూన్ 6

అక్కావాళ్ల మేడ మీద గదిలో ఉండటంలో సుఖం ఇదే. కిటికీ తెరిస్తే ఆటస్థలం, దాని వెనక కొండ. ఇంట్లోంచి కాలు బయట పెట్టకుండా ల్యాండ్‌స్కేప్ సెక్షన్ పూర్తయింది.

కొండ విషయంలో పెద్దోడిదే పైచేయి. నీడలో నల్లగా ముద్దయిపోయిన చెట్లని కంప్యూటర్లో వెలుతురు పెంచి పైకి లాగితే ఆకులు ఆకులుగా వచ్చాయి. చిన్నోడివి లాగితే రవ్వ చల్లినట్టు నాయిస్.

జూన్ 7

కింద ఫుట్‌బాల్ మ్యాచ్. కంటికి ఆనించే వ్యూఫైండర్‌లో చూస్తూ తీస్తే ఇద్దరూ సమానమే. స్క్రీన్ చూస్తూ తీస్తే చిన్నోడు మనిషిని వెంటాడి పట్టుకుంటాడు, పెద్దోడు ఆవులిస్తాడు. వీడియో తీసేవాళ్లకీ చిన్నోడే. మైక్ పెట్టుకోవడానికి సాకెట్ ఉంది, పెద్దోడికి అది లేదు. కానీ పెద్దోడి బ్యాటరీ చావదు. మొన్న ఛార్జి పెట్టింది ఇంకా సగం ఉంది.

ఇక పోర్ట్రెయిట్లు. మనిషి కావాలి. బావని కూర్చోబెడితే ప్రతి ఫ్రేములోనూ కళ్లు మూశాడు. ఫ్లాష్ లేదు మొర్రో అన్నా వినడు.

జూన్ 9

అక్క తనే పైకి వచ్చి ఒక ఫొటో తీసి పెట్టమంది. నా చేతిలో ఉన్న బ్రెడ్డు ముక్క కిందపడింది.

ఆరేళ్లయింది అక్క ఫొటోలో నిలబడి. పెదవి పక్కన ముందు గింజంత తెల్ల మచ్చ వచ్చింది. తర్వాత చెంప మీదికి పాకింది, ఆ తర్వాత ఎడమ కంటి చుట్టూ. నొప్పి లేదు, అంటుకునేది కాదు, డాక్టర్లు చెప్పగలిగింది చెప్పారు. ఇంట్లో ఆ జబ్బు పేరు ఎవరూ అనరు. అందరం కలిసి ఫొటో దిగాల్సి వస్తే నేను తీస్తానంటూ ఫోన్ లాక్కునేది అక్కే.

తను పళ్ల డాక్టరు దగ్గర పని చేస్తుంది. ఒకప్పుడు ముందు కౌంటర్లో కూర్చునేది, వచ్చినవాళ్లతో కబుర్లాడుతూ, భయపడేవాళ్లని నవ్విస్తూ. మచ్చలు వచ్చాక తనే అడిగి వెనక గదికి మారింది. అక్కడ పరికరాలు కడిగి, వేడి పెట్టి, ప్యాకెట్లలో వేస్తుంది. ఇప్పుడు డాక్టరమ్మ మళ్లీ ముందుకి రమ్మంటోందట. సిబ్బంది ఫొటోలతో గోడకి ఒక బోర్డు కూడా పెడుతున్నారట. ఇన్నాళ్లు కాదన్నాను, ఈసారి ఎందుకో సరే అన్నానురా, అంది. ఫొటో మాత్రం బయటివాళ్ల దగ్గర దిగలేను, నువ్వే తియ్యాలి అంది.

నీకు తీయకపోతే ఇంకెవరికి తీస్తాను అన్నాను. అప్పుడు నిజంగానే అన్నాను.

జూన్ 10

ఉదయం కిటికీ వెలుతురులో తీశాను. అక్క ముఖం నిండా పౌడరు వేసుకుని వచ్చింది. స్టూలు మీద కూర్చుంది, మళ్లీ లేచింది, నా బాత్రూంలోకి వెళ్లి ముఖం కడుక్కుని వచ్చింది. నేను స్టూలు కిటికీ వైపు కాస్త జరిపాను.

పెద్దోడితో కొన్ని, చిన్నోడితో కొన్ని. రెండెందుకు అని అడిగింది. ఒకటి పాడైతే ఇంకొకటి ఉంటుందన్నాను. అబద్ధం అంత సులువుగా వచ్చింది. టెస్టు కోసం అని చెప్పినా ఒప్పుకునేదేమో.

వెనక స్క్రీన్ మీద చూపించాను. చాలాసేపు చూసింది. బానే ఉన్నానే, అంది. తర్వాత, ఏమీ మార్చకు, మచ్చలు అలాగే ఉండనీ, అని చెప్పి కిందికి వెళ్లింది. మెట్లు దిగుతూ ఏదో కూనిరాగం తీస్తోంది.

జూన్ 11

కంప్యూటర్లో వేసి వంద శాతం జూమ్‌లో చూశాను. నా కళ్లని నేనే నమ్మలేకపోయాను.

దేశంలో ఉన్న టెస్టు చార్టులన్నీ తెచ్చినా ఇంత బాగా తేడా తెలీదు. ముదురు రంగు, దాని పక్కనే తెలుపు, మధ్యలో సన్నటి అంచు. పెద్దోడు ఆ అంచుని గీత గీసినట్టు పట్టుకున్నాడు. చిన్నోడు మొత్తం మీద కాస్త వెచ్చదనం పూసి, తెలుపుని గోధుమరంగు వైపు లాగాడు. ఒకడు ఉన్నదున్నట్టు చెప్పేవాడు, ఇంకొకడు మొహమాటస్తుడు. ఒక పేరాలో ఇద్దరి గుణం తేలిపోయింది.

చిన్న క్రాప్ చేశాను. పెదవి చివర, కొంచెం చెంప. కళ్లు లేవు, ముక్కు లేదు. ఎవరో ఎవరికి తెలుస్తుంది?

జూన్ 12

గడియారానికి క్రాప్ నచ్చింది. నచ్చితే ఆగుతాడా. మధ్యలో గీత పెట్టి అటూ ఇటూ జరిపే స్లైడర్ చేద్దాం, ముఖం మొత్తం పంపించు అన్నాడు. పెదవి ఒక్కటే అయితే మాంసం ముక్కలా ఉందన్నాడు.

అక్కని అడుగుదామని కింద దాకా వెళ్లాను. కౌంటర్‌కి వేసుకోవడానికని కొత్త చొక్కాకి గుండీలు కుట్టుకుంటోంది. ఏంటి అంది. టీ ఉందా అని అడిగాను.

పైకి వచ్చేసరికి గడియారం మెసేజ్: ఆవిడ్ని అడిగావుగా?

అడిగాను, అని కొట్టాను.

జూన్ 13

పబ్లిష్ అయింది. హెడ్డింగ్ కింద అక్క ముఖం, సగం పెద్దోడిది, సగం చిన్నోడిది. ఫోన్లో చూస్తే స్క్రీన్ అంతా తనే.

బావ మామూలుగానే తెరిచి కూడా చూడకుండా లింకు తన ఆఫీసు గ్రూపుకి పంపేశాడు. మా బావమరిది రాశాడు అని.

జూన్ 14

మా సైట్‌లో ఇంతమంది ఏ పేజీకీ రాలేదు. కామెంట్లు కుప్పలు. సగం మంది కెమెరాల గురించే. మిగతా సగం మంది గీత లాగి లాగి మచ్చ ఏ వైపు ఎక్కువ కనిపిస్తోందో చర్చ పెట్టారు. ఆవిడకి ఏ కెమెరా అయినా ఒకటేలే, అని ఒకడు. దాని కింద నవ్వే బొమ్మలు.

ఆ మనిషికి నేను జవాబు ఇచ్చాను. తిట్టానా? లేదు. పొరపాటు, ఆ అంచు దగ్గర డిటైల్ చూడండి, ఐఎస్‌ఓ ఎనిమిది వందలకి పెంచినా పోలేదు, అని రాశాను. రాసి ఎన్ని లైకులు వచ్చాయో చూసుకున్నాను.

ఇది ఇక్కడ రాసుకుంటుంటే చెవులు మండుతున్నాయి.

జూన్ 15, మధ్యాహ్నం

అక్క చూసింది.

జూన్ 15, సాయంత్రం

క్లినిక్‌లో భోజనాల వేళ తనే తెరిచిందట. తమ్ముడు ఏం రాశాడో చదువుదామని. ముందు కౌంటర్ కంప్యూటర్లో, పెద్ద స్క్రీన్ మీద. పేజీ తెరుచుకోగానే, ఈవిడెవరో అచ్చం నాలా ఉందే అనుకుందట. కింద ఇలా ఇలా జరపండి అని రాసి ఉంటే జరిపిందట. అటు లాగితే మచ్చ పెరిగిందట, ఇటు లాగితే తగ్గిందట. కౌంటర్లో పనిచేసే అమ్మాయి రెండ్రోజుల కిందటే చూసి, చెప్పలేక తనలో తనే కుమిలిపోయిందట. ఇదంతా వంటింట్లో కూరగాయలు తరుగుతూ చెప్పింది. గొంతులో మార్పేమీ లేదు. చేతిలో కత్తి కూడా మామూలుగానే ఆడుతోంది.

నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను.

తప్పయిపోయింది అన్నాను. అక్క తల ఊపింది. నువ్వు రాసింది కరెక్టేరా, రెండూ మంచి కెమెరాలే, అంది.

కొట్టి ఉంటే బాగుండేది. చిన్నప్పుడు కొట్టేది కూడా.

ఎవరో తెలీకుండా చిన్న క్రాప్‌తోనే మొదలుపెట్టాను అక్కా, అన్నాను. ఏమిటా మాట? దొంగ తనకి తానే శిక్ష తగ్గించుకున్నట్టు. అక్క కత్తి పక్కన పెట్టి మొదటిసారి నా వైపు చూసింది. అడిగితే ఏమనేదాన్నో నీకు తెలుసు కాబట్టే కదా అడగలేదు, అంది.



డాక్టరమ్మకి చెప్పేసిందట, వెనక గదిలోనే ఉంటానని. బోర్డు మీద తన ఫొటో వద్దని. ఉప్పు డబ్బా ఇటు ఇవ్వు అంది. ఇచ్చి పైకి వచ్చాను.

జూన్ 16

గడియారానికి ఫోన్ చేసి స్లైడర్ తీసెయ్యమన్నాను. అడిగావన్నావుగా అన్నాడు. అడగలేదు, ఆవిడ మా అక్క, అబద్ధం చెప్పాను అన్నాను. నా మీద అరుస్తాడనుకున్నాను. నాకు కూడా ఒక చెల్లెలుంది, అని మాత్రం అన్నాడు. గంటలో తీసేశారు. దాని స్థానంలో ఏవో పళ్ల గిన్నె ఫొటోలు పెట్టారు. అప్పటికే అక్క ఫొటోని వేరే సైట్లవాళ్లు ఎత్తుకెళ్లారు. వాళ్లందరికీ మెయిల్ పెట్టాను. ఇద్దరు తీశారు. ఒకడు, ఫొటో బావుంది, ఇంకా ఉన్నాయా అని అడిగాడు.

జూన్ 17

బావ నాతో మాట్లాడటం లేదు. తను కూడా ఆ పేజీ గ్రూపులో వేశాడు కాబట్టి తనతో తనే మాట్లాడటం లేదనుకుంటాను.

జూన్ 18

రాత పని చేయలేకపోతున్నాను. కెమెరాలు వెనక్కి ఇచ్చేశాను. పెద్దోడు చిన్నోడు అని పెట్టెల మీద నేను రాసిన కాగితాలు చింపి ఇచ్చాను.

జూన్ 20

బావ మేడ మీదికి వచ్చాడు. కుర్చీ ఉన్నా కూర్చోలేదు. ఎండలో ఆరేసిన బట్టలు తీస్తున్నట్టు నటిస్తూ మొదలుపెట్టాడు. ఆరేళ్లుగా వాళ్ల గదిలో అద్దం దగ్గర లైటు వెలగదట. అక్క చీకట్లోనే తల దువ్వుకుంటుందట. కొత్త బల్బు వేస్తే తీసేసి దాచిందట. ఆ రోజు పొద్దున, నీ దగ్గరికి ఫొటోకి వచ్చే ముందు, తనే వెతికి పెట్టుకుందిరా అన్నాడు. పౌడరు సరిగ్గా అంటిందో లేదో చూసుకోవడానికి.

మళ్లీ తీసేసిందా అని అడిగాను.

బావ నా చొక్కా నా చేతిలో పెట్టి దిగిపోయాడు.

నేనెంత నీచుణ్ణో ఇప్పటిదాకా లెక్క తెలీలేదు. ఆ పౌడరు నా కళ్లముందే కడుక్కుని వచ్చింది. అదెందుకో ఒక్క క్షణం ఆలోచించలేదు. వెలుతురు ఏ వైపు నుంచి పడుతోందా అని చూస్తున్నాను.

జూన్ 22

ఆ ఫొటోలు తుడిచేద్దామని తెరిచాను. అలవాటుగా వంద శాతానికి వెళ్లబోయి ఆగాను. ఫొటో మొత్తం కనిపించేలా ఫిట్ టు స్క్రీన్ నొక్కాను.

ఇన్ని రోజుల్లో ఈ ఫొటోని ఒక్కసారీ పూర్తిగా చూడలేదు. అంచు చూశాను, నాయిస్ చూశాను, రంగు చూశాను. పూర్తిగా చూస్తే అక్క లెన్స్‌లోకి చూడటం లేదు. లెన్స్ పైన, నా ముఖం వైపు చూస్తోంది. ప్రతి ఫ్రేములోనూ అంతే. బావుందా అని అడుగుతున్నట్టు.

నేను ఒక్కసారీ బావుందక్కా అనలేదు. కదలకు అన్నాను.

తుడిచేశాను. అడిగి తుడవాల్సిందేమో. అదీ అడగలేదు.

జూన్ 25

అక్క కంచాలు కడుగుతుంటే పక్కన నిలబడి తుడిచాను. వద్దనలేదు.

జూలై 9

ఏమీ లేదు. పన్ను సలుపుతోంది.

జూలై 11

బుగ్గ వాచింది. ఇంకో క్లినిక్‌కి వెళ్తానన్నాను. బావ, మీ అక్క క్లినిక్‌కే వెళ్లు, పోయేదేముంది అన్నాడు.

గోడ మీద బోర్డు ఉంది. అక్క ఫొటో ఉంది. ఎవరో ఫోన్‌తో తీసింది. ఎవరు తీశారో అడగలేదు. దగ్గరికి వెళ్లి చూడలేదు.

వెనక గదిలోనే ఉంటానన్న అక్క కౌంటర్లో కూర్చుని ఉంది. ఎప్పుడు మనసు మార్చుకుందో నాకు ఎవరూ చెప్పలేదు. ఆ రోజు గుండీలు కుట్టుకున్న చొక్కాలో. నా ముందున్న ముసలాయన ఏదో అంటే గట్టిగా నవ్వింది. తర్వాత నా వంతు. తలెత్తి నన్ను చూసింది, కలం తీసుకుంది, పేరు అడిగింది.

చెప్పాను. రాసుకుంది. కూర్చోమంది.