మనసు ఎడమా, కుడా?

పరిహారం ఆఫీసరు దశరథరామయ్య గారికి,
జ్ఞానమణి వందనాలు. నేను తిరువూరు పత్తి మిల్లులో గింజ తీసే మిషన్ దగ్గర పనిచేస్తానండి. పోయిన నెల నా పక్కనున్న గ్లోరి చెయ్యి రోలర్లో పడింది. పరుగెత్తి స్విచ్ ఆపింది నేనే. గ్లోరికి మీరు పరిహారం ఇప్పించారు, సంతోషం. నాకేమో ఆ రోజు నుంచి మిల్లు గేటు చూస్తే ఒళ్ళంతా వణుకు, ఊపిరాడదు. పనికి పోలేకపోతున్నాను. నాకు వైద్యం చేయించి, మిషన్ లేని చోట పని ఇప్పించండి.
ఇట్లు, మీ దయ కోరే
జ్ఞానమణి
తా.క.: మేనేజరు గారు "నీకు దెబ్బేం తగల్లేదుగా, అదృష్టవంతురాలివి" అన్నారు. అదీ రాసుకోండి.

శ్రీమతి జ్ఞానమణి గారికి,
మీ దరఖాస్తు అందినది. 'దెబ్బ తగిలిన అవయవం' అన్న గడి ఖాళీగా ఉన్నందున తిప్పి పంపడమైనది. పూర్తి చేయగలరు.
భవదీయుడు,
దశరథరామయ్య
తా.క.: ఎడమా, కుడా స్పష్టంగా రాయవలెను.

ఆఫీసరు గారికి వందనాలు.
గడిలో 'మనసు' అని రాశానండి. ఎడమో కుడో తెలియక విజయవాడలో మానసిక డాక్టరు గారినే అడిగాను. ఆయన నవ్వలేదు. "ఆ ఆఫీసరు గారు కులాసాయేనా?" అని మాత్రం అడిగారు. నా మనసుకి దెబ్బ తగిలిందని సర్టిఫికెట్ ఇచ్చారు, జతపరిచాను.
మీ జవాబు కోసం చూసే
జ్ఞానమణి
తా.క.: గుండె ఉండేది ఎడమే కాబట్టి, తప్పదంటే ఎడమ అని వేసుకోండి.

శ్రీమతి జ్ఞానమణి గారికి,
మా పట్టికలో మనసు లేదు. చట్టం మార్చే ప్రతిపాదన పరిశీలనలో ఉంది. నేను ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ ఉంది. పైగా మనసు బాగోలేదని సర్టిఫికెట్ పెట్టారు కనుక మీ సంతకం చెల్లదని మా గుమాస్తా అభ్యంతరం. బాగుందని పెడితే సంతకం చెల్లుతుంది, దరఖాస్తు చెల్లదు. అందుచేత నేనే బుధవారం మిల్లుకు వచ్చి మీ భయాన్ని తనిఖీ చేస్తాను.
భవదీయుడు,
దశరథరామయ్య
తా.క.: ఆ సమయంలో మీరు తప్పక భయపడవలెను.

ఆఫీసరు గారికి వందనాలు.
ఇప్పుడెలా ఉన్నారండి? బుధవారం నేను గేటు దగ్గరే ఆగిపోయాను, కాళ్ళు కదల్లేదు. మీరు లోపలి నుంచి నాకు వినపడేలా "శబ్దం తప్ప ఏముందమ్మా ఇందులో?" అని అరుస్తూ రోలర్ మీదికి వంగారు. మీ మెడలో ఐడీ కార్డు తాడు రోలర్ లోపలికి పోయింది. నేనెలా వచ్చానో నాకే తెలియదు, స్విచ్ ఆపాను. తర్వాత గేటు బయట కూలబడి చీకటిపడేదాకా వణుకుతూనే ఉన్నాను. మేనేజరు గారేమో "భయమంది, లోపలికొచ్చిందిగా!" అంటున్నారు. నా దరఖాస్తు పోయినట్టేనాండి?
దిగులుతో
జ్ఞానమణి
తా.క.: మీ చెప్పు ఒకటి మిల్లులో, రెండోది బస్టాండు దారిలో దొరికాయి. రెండూ భద్రం.

అమ్మా జ్ఞానమణీ,
నువ్వు లోపలికి వచ్చావు కాబట్టి నీకు భయం లేదని రాయాలట. నేను రాయలేదు. నీ వైద్యం మిల్లే చేయించాలని, విస్సన్నపేటలో మిల్లుకున్న పత్తి కొనుగోలు కేంద్రంలో నీకు పని ఇవ్వాలని రాసి, మేనేజరు చేత సంతకం పెట్టించాను. చట్టంలో మనసును చేర్చమని పైకి కూడా రాశాను. సాక్ష్యంగా రెండు కేసులు పెట్టాను. ఒకటి నీది. రెండోది, తనిఖీకి వెళ్ళి మనసుకు దెబ్బ తగిలించుకున్న ఒక అధికారిది.
బతికి ఉన్నందుకు కృతజ్ఞుడు,
దశరథరామయ్య
తా.క.: మా ఇంట్లో మిక్సీ అటకెక్కింది. పచ్చళ్ళు రోట్లో నేనే నూరుతున్నాను.