ఎత్తు సీటు కారు బేరం

చిరంజీవి తమ్ముడికి,

అక్క దీవెనలు. తుంటి ఎముక అతుక్కుంది. నోరు ఎప్పుడూ విరగలేదు కాబట్టి దాని క్షేమం వేరే రాయక్కర్లేదు.

ఈ నెలాఖరుకి ఇంటికి పంపేస్తానని డాక్టరు అంటున్నాడు. కాకపోతే ఒక మెలిక పెట్టాడు. కొన్నాళ్లపాటు నేను వంగి, కుంగి కూర్చోకూడదట. సీటు ఎత్తుగా ఉన్న కారైతేనే ఎక్కాలట. ఇంటికొచ్చాక కూడా వారం వారం వ్యాయామానికి ఇక్కడికి రావాలట. అలాంటి కారు లేకపోతే ఇంకో మూడు నెలలు ఈ ఆరోగ్య కేంద్రంలోనే ఉండమన్నాడు. ఇక్కడి చారు ఇంకో మూడు నెలలు తాగేకంటే కారు కొనడమే మేలు. డబ్బు నాది, నడిపేది నువ్వు. గ్రంథాలయం వాళ్ల పుస్తకాల వ్యాను వీధి వీధీ తిప్పినవాడివి, నీ డ్రైవింగు గురించి నాకు బెంగలేదు. నా బెంగంతా బేరం గురించే.

నీకు నోట్లో నాలుక లేదు. కొట్టువాడు నొచ్చుకుంటాడని కాలికి పట్టని చెప్పులు కొనుక్కొచ్చిన మనిషివి. పోనీ ఫోన్లో చెబుదామంటే ప్రతి మాటకీ "సరే అక్కా" అంటావు. విన్నావో లేదో దేవుడికే తెలియాలి. అందుకే ఉత్తరం రాస్తున్నాను. షోరూమ్‌కి వెళ్లేముందు మళ్లీ చదువుకో.

అక్కడ నవ్వకు. "బాగుంది" అన్న మాట నోటివెంట రానీయకు. ఏ కారు చూపించినా చద్ది వాసన తగిలినట్టు మొహం పెట్టు. ధర చెప్పగానే లేచి గుమ్మం వైపు నడువు. వెనక్కి తిరిగి చూడకు. వాళ్లే పరిగెత్తుకుంటూ వస్తారు. బట్టల కొట్లో గానీ సామాన్ల కొట్లో గానీ ఇన్నేళ్లలో నన్ను గుమ్మం దాటనిచ్చినవాడు లేడు.

నీ క్షేమం కోరే,
అక్క

తా.క.: కాఫీ ఇస్తారు. తాగకు. తాగావంటే వాళ్ల ఉప్పు తిన్నట్టు నలిగిపోతావు.

* * *

అక్కకి,

నమస్కారాలు. నువ్వు చెప్పినవన్నీ తు.చ. తప్పకుండా చేశాను.

ఎత్తు సీటంటే ఎంత ఎత్తో డాక్టరు చెప్పలేదు కదా. అందుకని నువ్వు వంటింట్లో కూర్చునే స్టూలు వెంట తీసుకెళ్లాను. షోరూమ్ మేనేజరు ఎప్పుడూ నవ్వుతూ ఉండే మనిషి. స్టూలు చూసి, "కూర్చోడానికి మా దగ్గర కుర్చీలున్నాయండీ" అన్నాడు. నవ్వకూడదన్నావు కాబట్టి నేను నవ్వలేదు. ప్రతి కారు పక్కనా స్టూలు వేసి, దానిమీద ఒకసారి, సీటు మీద ఒకసారి కూర్చుని చూశాను. చివరికి బూడిదరంగు కారు ఒకటి అచ్చంగా సరిపోయింది. దిగేటప్పుడు మోకాళ్లు కూడా పెద్దగా వంచక్కర్లేదు.

మేనేజరు ధర చెప్పాడు. లేచాను. గుమ్మం దాటాను. మెట్లు దిగాను. వెనక్కి చూడలేదు. ఎవరూ పిలవలేదు. బస్టాపు దాకా వెళ్లి నిలబడ్డాను. బస్సు వచ్చింది. ఎక్కితే వాళ్లు పిలిచింది వినబడదేమోనని వదిలేశాను. తరవాతి బస్సు కూడా వదిలేశాను. ఆఖరికి మేనేజరు రొప్పుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. ఎంతకి దిగారని అడగబోయాను.

స్టూలు మర్చిపోయానట. ఇచ్చేసి వెళ్లిపోయాడు.

నీ తమ్ముడు

తా.క.: కాఫీ తాగలేదు. కప్పు ఎక్కడ పెట్టాలో తెలియక చేత్తోనే పట్టుకుని ఉన్నట్టున్నాను, ఇంటికొచ్చాక చూస్తే కప్పు నా దగ్గరే ఉంది. ఇచ్చేయడానికి రేపు వెళ్లాలి.

* * *

తమ్ముడికి,

దీవెనలు ఉన్నాయి, వాటికేం.

గుమ్మం వైపు నడవమంటే ఊరు దాటమని కాదు. అడుగులో అడుగు వేసుకుంటూ వెళ్లాలి. సరే, అయిందేదో అయింది. స్టూలు పట్టుకెళ్లడం మాత్రం మంచి ఎత్తే. మతి చెడిన మనిషి వచ్చాడనుకుంటే వదిలించుకోడానికైనా ధర తగ్గిస్తారు. నువ్వది ఎత్తుగా వేశావని నేననుకోను గానీ, మెచ్చుకోలు నీకే ఇస్తున్నాను.

ఇక రెండో పాఠం. కప్పు ఇచ్చే వంకతో వెళ్లు. జనం ఉన్న వేళ చూసుకో. ఆ బూడిదరంగు కారు చుట్టూ తిరుగుతూ దాని లోపాలు పైకి చదువు. నలుగురూ వినాలి. నీ నోరు మూయించడానికి వాళ్లే దిగొస్తారు. పరుపులు కొన్నప్పుడు నేను ఇలాగే చేశాను, దిండ్లు ఊరికే ఇచ్చారు.

అక్క

తా.క.: నీకు అబద్ధమాడడం చేతకాదు. నిజంగా ఉన్న లోపాలే వెతుక్కో.

* * *

అక్కకి,

నమస్కారాలు. ఈ ఉత్తరం కూర్చుని చదువు. కూర్చునే ఉంటావులే.

కప్పు ఇచ్చేశాను. కారు ఒకసారి నడిపి చూస్తానన్నాను. నడిపి వచ్చి, నలుగురున్న చోట గొంతు పెంచి చెప్పాను. "వెనక తలుపు మెల్లిగా వేస్తే పడదు. గతుకుల్లో అద్దం వణుకుతుంది. సామాను పెట్టుకునే చోటు చాలదు. ముగ్గురు పిల్లలున్న ఇంటికి ఈ కారు పనికిరాదు." నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు. మేనేజరు నవ్వు మొదటిసారి మాయమైంది. నీ మాట ఫలించిందనుకున్నాను.

అక్కడ ఒక పళ్ల డాక్టరు, ఆయన భార్య ఉన్నారు. ఆవిడ నా దగ్గరికొచ్చి, "ఈ షాపులో నిజం మాట్లాడే మనిషి మీరొక్కరే దొరికారండీ. మాకు పిల్లల్లేరు. మేమిద్దరం, ఒక కుక్క. మాకెలా ఉంటుందంటారు?" అని అడిగింది. ఎవరైనా మర్యాదగా అడిగితే నిజం చెప్పకుండా ఎలా ఉంటాం?

"కుక్క ఏ సైజుది?" అన్నాను.

చిన్నదేనంది.

"అయితే మీకోసమే చేసినట్టుంటుంది" అన్నాను. నోరు జారింది అక్కా. వాళ్లు అక్కడికక్కడే కొనేశారు. మనం అనుకున్న ఆ కారే. ఆ రకంలో ప్రస్తుతానికి అదొక్కటే ఉందట. మేనేజరు నా రెండు చేతులూ పట్టుకుని ఊపాడు. వచ్చేవారం నీలంరంగుది ఒకటి వస్తుందన్నాడు.

నీ తమ్ముడు

తా.క.: పళ్ల డాక్టరు నాకు ఊరికే పన్ను పీకుతానన్నాడు. ఏ పన్నూ నొప్పి లేదని చెప్పలేక సరే అన్నాను.

* * *

తమ్ముడికి,

కొనడానికి వెళ్లినవాడు అమ్మి రావడం నేను ఎక్కడా వినలేదు. అడుక్కోడానికి వెళ్లి జోలె దానం చేసి వచ్చినట్టుంది. నీ ఉత్తరం చదివాక రక్తపోటు చూసిన నర్సు, యంత్రం పాడైందని వేరేది తెచ్చింది.

ఇక నువ్వు మాట్లాడకు. అదే మూడో పాఠం, అదే ఆఖరిది కూడా. నీలం కారు రాగానే వెళ్లి, మేనేజరు ఎదురుగా బెల్లం కొట్టిన రాయిలా కూర్చో. ధర చెబితే చూస్తూ ఉండు. కాఫీ ఇస్తే చూస్తూ ఉండు. మౌనాన్ని భరించడం అమ్మేవాడికి చచ్చేంత కష్టం. కంగారుపడి తనే దిగుతాడు. వాడు దిగేదాకా నువ్వు కుర్చీలోంచి లేవకు. ఒక్కరోజులో అవకపోతే మర్నాడూ వెళ్లు.

నెలాఖరు దగ్గరికొచ్చింది. నా గదికి వేరేవాళ్ల పేరు కూడా రాసుకున్నారట. నన్ను ఇటూ అటూ కాకుండా చేయకు.

అక్క

తా.క.: ఆ పన్ను పీకించుకోకు. మళ్లీ మొలవదు.

* * *

అక్కకి,

నమస్కారాలు. ఎలా మొదలుపెట్టాలో తెలియక రెండు కాగితాలు చించేశాను.

నీలం కారు వచ్చాక మూడు రోజులు వరసగా వెళ్లి రాయిలా కూర్చున్నాను. మొదటి రోజు మేనేజరు వాతావరణం గురించి మాట్లాడాడు. రెండో రోజు పైవాళ్ల నుంచి వచ్చే ఒత్తిడి గురించి చెప్పాడు. మూడో రోజు తన భార్య తనతో సరిగ్గా మాట్లాడటం లేదనీ, తను ఏం చెప్పినా "అమ్మకానికి చెప్పినట్టే చెబుతావు" అంటుందనీ చెప్పాడు. అంతసేపు తన మాట వినే మనిషి చాలా ఏళ్లకి దొరికాడట. కంగారుపడి దిగుతాడన్నావు. దిగాడు, కానీ ధరలో కాదు, ఏడుపులోకి. నా రుమాలు ఇచ్చాను.

ఆయన మొహం కడుక్కోడానికి వెళ్లినప్పుడల్లా వచ్చిన వాళ్లు నన్నే అడగడం మొదలుపెట్టారు. సంగీతం చెప్పే ముసలాయన ఎర్ర కారు మీద మనసు పడ్డాడు. "మీరు రాత్రిళ్లు దూరాలు వెళ్తుంటారు కదా, దాని దీపాలు చాలవండీ, ఇది తీసుకోండి" అన్నాను. వ్యానులో పుస్తకాలిచ్చేటప్పుడు నేను చేసిందీ ఇదే కదా. ఇది మీకు నిద్ర పట్టనివ్వదు, అది తీసుకోండి అనేవాణ్ణి. అలా చెబితే ఒక్కరూ నొచ్చుకోలేదు. వాళ్లు వెతుక్కుంటూ నా దగ్గరికే వచ్చేవాళ్లు. వ్యాను ఆపేసి నన్ను గ్రంథాలయం లోపల కూర్చోబెట్టాక, ఏది చదవమంటారని అడిగేవాళ్లే లేకపోయారు.

నిన్న అద్దాల గదిలోంచి షోరూమ్ యజమానురాలు బయటికొచ్చింది. ఆవిడ పెద్దగా మాట్లాడే మనిషి కాదు. "రోజూ వస్తూనే ఉన్నారు. జీతం తీసుకుని రాకూడదూ?" అంది. మధ్యాహ్నం వరకు గ్రంథాలయంలో ఉండి తరవాత రావచ్చంది.

అలవాటు కొద్దీ సరే అన్నాను.

నీ తమ్ముడు

తా.క.: టై ఇచ్చారు. కట్టుకోవడం రాదు. మేనేజరే కడుతున్నాడు. కడుతున్నప్పుడు కూడా వాళ్లావిడ గురించే చెబుతాడు, అందుకని ముడి కాస్త బిగుస్తోంది.

* * *

షోరూమ్‌లో కొత్తగా చేరిన అమ్మకందారు గారికి,

నమస్కారం. నేనొక కొనుగోలుదారుని. మీకూ నాకూ ఏ చుట్టరికమూ లేదు. ఉంటే ఇలా జరిగేది కాదు.

మీ దగ్గర నీలం కారు ఒకటి ఉందని తెలిసింది. ఉద్యోగుల ఇంటివాళ్లకి ఇచ్చే తగ్గింపు ధరకే ఇవ్వాలని, అందులోంచి మళ్లీ తగ్గించాలని కోరుతున్నాను. సీటు కవర్లు, పెట్రోలు నిండా, మొదటి ఏడాది బీమా మీవే. ఆ రకం కార్లకి వెనక తలుపు మెల్లిగా వేస్తే పడదని మీ షాపులోనే తిరుగుతుండే ఒక అమాయకుడు నాకు రాతపూర్వకంగా తెలియజేశాడు. ఆ కాగితం నా దగ్గర భద్రంగా ఉంది. మీకు కుదరకపోతే రోడ్డుకి అవతల ఇంకో షోరూమ్ ఉందని కూడా విన్నాను.

వెంటనే జవాబు రాయగలరు.

ఇట్లు,
మీ మొహం కూడా చూడని ఒక కొనుగోలుదారు

తా.క.: చుట్టరికం లేకపోయినా అడుగుతున్నాను. వేళకి తింటున్నారా?

* * *

గౌరవనీయులైన కొనుగోలుదారు గారికి,

కుదరదండీ.

ఉద్యోగుల ఇంటివాళ్లకి ఇచ్చే ధర ఇస్తాం. దానిమీద తగ్గించాలంటే మేనేజరుకి వచ్చే కమీషన్లోంచి కోయాలి. ఆయన ఈ నెల ఆ డబ్బుతో భార్యని ఎక్కడికైనా తీసుకెళ్లి, కార్ల ఊసెత్తకుండా మాట్లాడదామనుకుంటున్నాడు. సీటు కవర్లు ఇస్తాను. పెట్రోలు, బీమా కుదరవు. వెనక తలుపు సంగతి మీరు విన్నది నిజమే, నీలం దానికీ అంతే. బాగు చేయించాను, ఇప్పుడు మెల్లిగా వేసినా పడుతోంది.

అవతలి షోరూమ్‌కి మీరు నిరభ్యంతరంగా వెళ్లవచ్చు. నేను స్టూలు పట్టుకుని వెళ్లి చూసొచ్చాను. అక్కడి సీట్లన్నీ పల్లంగా ఉన్నాయి.

ఇంతకన్నా తగ్గదండీ. మీరు ఇంకో మూడు నెలలు అక్కడే ఉంటానన్నా తగ్గదు. కానీ ఉండకండి. వంటింట్లో ఒక్కణ్ణే కూర్చుని తినడం నాకు ఇప్పటికీ అలవాటు కాలేదు. ఇది మాత్రం అమ్మకానికి చెబుతున్న మాట కాదు.

భవదీయుడు,
అమ్మకందారు

తా.క.: తింటున్నాను. మాడిన కూరలైతేనేం.

* * *

చిరంజీవి తమ్ముడికి,

అక్క దీవెనలు, ఈసారి మనస్ఫూర్తిగా.

నీ ఉత్తరం అందింది. నాకు "కుదరదు" అన్న మొదటి మనిషివి నువ్వే అవుతావని ఎవరైనా చెబితే వాళ్లకి కూడా మందులు రాయించేదాన్ని. కాసేపు కోపం వచ్చింది. తరవాత ఆకలేసింది. రెండు గిన్నెల చారు తాగాను.

ఇప్పుడు నీకు తెలియని సంగతి ఒకటి చెప్పాలి. మొదటి నుంచీ నీ ఉత్తరాలు ఇక్కడి భోజనాల గదిలో అందరికీ చదివి వినిపిస్తున్నాను. నీ పేరు చెప్పి నవ్వుకుందామనే మొదలుపెట్టాను, దాచుకోవడమెందుకు. కుక్క ఏ సైజుదని నువ్వడిగిన చోట వంటామె గరిటె వదిలేసి నవ్వింది. అయితే, సంగీతం మాస్టారి దగ్గరికొచ్చేసరికి ఎవరూ నవ్వలేదు. వ్యాయామం చేయించే ఆవిడ, "లోపం ముందే చెప్పే మనిషి దొరికితే నేనెప్పుడో కారు కొనుక్కునేదాన్ని" అంది. పక్క గదాయన కొడుక్కి కొనాలట. డాక్టరు తాటిచెట్టంత పొడుగు, ఏ కారెక్కినా తల తగులుతుందట, నిన్ను స్టూలుతో సహా ఒకసారి రమ్మంటున్నాడు. వంటామెకి సామాన్లు పట్టే వ్యాను కావాలి. ఈ కేంద్రం పెద్దావిడ, రోగులని తెచ్చి దించడానికి ఎత్తు సీట్లవి రెండు కావాలని రాయమంది.

వీళ్లందరి తరఫునా ధర మాట్లాడేది నేనే. వాళ్లని నోరెత్తొద్దన్నాను. ఒక్క కారుకి తగ్గదన్నావు, బాగుంది. మన నీలం కారుతో కలిపి ఏడు కార్లకి ఎంత తగ్గిస్తావు? మేనేజరు కమీషన్ తగ్గకూడదు, పెరగాలి. ఆ లెక్క మీ అద్దాల గదావిడతో మాట్లాడి తేల్చుకో. ఆవిడ పెద్దగా మాట్లాడదన్నావు. నేను మాట్లాడతాను, నాకో గంట ఇప్పించు.

డాక్టరు నన్ను సోమవారం పంపిస్తానన్నాడు. గీసి గీసి బేరమాడి శనివారానికి దింపాను. పొద్దున్నే గుమ్మంలో నిలబడి ఉంటాను. నీలం కారు తీసుకురా. ఆలస్యం చేశావంటే ధర మళ్లీ మొదటి నుంచి మాట్లాడతాను.

నీ అక్క

తా.క.: నీ "కుదరదు" ఉత్తరం మాత్రం భోజనాల గదిలో చదవలేదు. అడిగారు. పోస్టులో పోయిందని చెప్పాను.