తాయెత్తు లేని చెయ్యి

పెదనాన్నా,

ఈ రోజు పెద్దమ్మ చేతికి ఆపరేషన్ చేశాను. నీకొచ్చిన కిడ్నీ జబ్బే ఆమెకూ వచ్చింది. మన వీధి వాళ్ళంతా ఒకరి వెనక ఒకరు నా బల్ల మీదకే వస్తున్నారు.

కవిటిలో కొబ్బరికాయలు వలిచి నువ్వు నన్ను చదివించావు. నేను రక్తనాళాల సర్జన్‌నయ్యాక మన ఊరి నుంచి వచ్చిన మొదటి రోగివీ నువ్వే. డయాలసిస్ కోసం నీ ఎడమ మణికట్టు దగ్గర రెండు నాళాలు కలిపి, నీ కుడి అరచేతిని దానిమీద పెట్టాను. లోపల రక్తం జుమ్మని పారుతుంటే, "తుమ్మెద దూరినట్టుందిరా" అని నవ్వావు.

ఆ చేత్తో బరువెత్తొద్దన్నాను. బీపీ చూడనివ్వొద్దన్నాను. తాయెత్తు మాట మాత్రం చెప్పలేదు. జబ్బు చేస్తే మనవాళ్ళు చేతికి తాయెత్తు బిగించి కడతారని వేరే డాక్టరుకు తెలియకపోవచ్చు. నాకు తెలుసు. పెద్దమ్మ సరిగ్గా ఆ మణికట్టుకే కట్టింది. ఆ బిగువుకి నాళం నొక్కుకుపోయి, వారం తిరక్కుండా తుమ్మెద ఆగిపోయింది. రెండో చేతికి చేసేలోగా నువ్వే లేవు.

ఎందుకు ఆగిందో ఆమెకు నేనెప్పుడూ చెప్పలేదు. అప్పటినుంచి మాత్రం కత్తి పట్టే ముందు ప్రతి మణికట్టూ నేనే తడిమి చూస్తాను. తాయెత్తుంటే మెడలో వేసుకోమని బతిమాలతాను.

పొద్దున పెద్దమ్మ చెయ్యీ అలాగే తడిమాను.

"ఏటెతుకుతన్నావురా?" అంది.

"తాయెత్తేమైనా ఉందేమోనని, పెద్దమ్మా."

"నాకెవులు కడతార్రా? మీ పెదనాన్నకైతే నానున్నాను, కట్టినాను."